ఫైబర్‌కు తెలిసేది తుప్పు కాదు, సాగుదల

“పైపు పొడవునా ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ పరిస్తే చాలు, గోడ ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పలచబడిందో తెర మీద కనిపిస్తుంది, ఇక అల్ట్రాసోనిక్ కొలతలూ పిగ్గింగూ దండగ” అన్న మాట బాగా తిరుగుతోంది. (అల్ట్రాసోనిక్ అంటే శబ్ద తరంగాలతో గోడ మందం కొలవడం; పిగ్గింగ్ అంటే పైపు లోపల తనిఖీ పరికరాన్ని నడిపించడం.) దీన్నీ, దీనితో పాటు వినిపించే మాటలనూ ముక్కముక్కగా చూద్దాం.

“గోడ మందం కనిపిస్తుంది.” కనిపించదు. లోపలి ఒత్తిడికి పైపు ఉబ్బుతుంది; గోడ పలచబడితే అదే ఒత్తిడికి ఇంకాస్త ఉబ్బుతుంది. ఫైబర్ పట్టుకునేది ఆ సాగుదలనే, మందాన్ని మనం లెక్కగట్టుకోవాలి. 500 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. గోడ, రెండు చివర్లూ మూసిన ఉక్కు పైపులో 50 బార్ ఒత్తిడి ఉంటే చుట్టుకొలత దిశలో సాగుదల సుమారు 530 మైక్రోస్ట్రెయిన్ (అంటే మీటరుకు 530 మైక్రోమీటర్ల సాగుదల). చుట్టూ సమంగా 1 మి.మీ. అరిగితే అది 590 అవుతుంది. తేడా 60 మాత్రమే. ఉక్కుకు అతికించిన బ్రాగ్ గ్రేటింగ్ (సాగినా వేడెక్కినా వెనక్కి పంపే కాంతి రంగు మారే, ఫైబర్‌లోని చిన్న భాగం) ఒక్క డిగ్రీ వేడికే దాదాపు 20 మైక్రోస్ట్రెయిన్ చూపిస్తుంది. అంటే మూడు డిగ్రీల ఎండ, మిల్లీమీటరు తుప్పులా కనబడుతుంది! ఒత్తిడి 5 బార్ పెరిగినా దాదాపు అంతే. అందుకే ప్రతి రింగు (పైపు చుట్టూ అతికించిన ఫైబర్ చుట్టు) పక్కన సాగుదల తగలకుండా వదులుగా ఉంచిన ఇంకో గ్రేటింగ్ పెట్టి ఉష్ణోగ్రతను విడిగా కొలవాలి, అదే క్షణాన ఒత్తిడి రీడింగూ నమోదు చేయాలి. ఈ రెండూ లేని గ్రాఫును నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు.

“కేబుల్ పరిస్తే చాలు.” కందకంలో పరిచిన కేబుల్‌లో ఫైబర్ జెల్‌లో వదులుగా తేలుతుంది. అది లీకు వల్ల మారే ఉష్ణోగ్రతనూ తవ్వకాల అదురునూ చెప్పగలదు గానీ గోడ ఉబ్బు దానికి అందదు. పెయింట్ గీకి, రుద్ది, అసిటోన్‌తో తుడిచి, పలుచని ఎపాక్సీతో ఫైబర్‌ను పైపు చుట్టూ అతికించాలి. పైన చెప్పిన పైపుకే 10 సెం.మీ. ఎడంతో చుడితే, కిలోమీటరు పైపుకు దాదాపు 16 కిలోమీటర్ల ఫైబర్ కావాలి. పైగా గీకిన చోట పూతను మళ్లీ సరిగా వేయకపోతే తుప్పు మొదలయ్యేది అక్కడే.

“ఏ తుప్పయినా దొరుకుతుంది.” సమంగా అరిగిన గోడ దొరుకుతుంది. చిన్న గుంట ప్రభావం దాని చుట్టుపక్కలే ఆగిపోతుంది. రింగు కాస్త దూరంగా ఉంటే ఏమీ తెలియదు. పైపుకు చిల్లు పెట్టేది మాత్రం తరచుగా ఆ గుంటే.

“గాజుకు తుప్పు పట్టదు కాబట్టి ఎన్నేళ్లయినా ఉంటుంది.” గాజు సంగతి నిజమే. కానీ ఎపాక్సీ నెమ్మదిగా జారుతుంది, కనెక్టర్లలో మురికి చేరుతుంది, హైడ్రోజన్ చొరబడితే ఫైబర్‌లో కాంతి నష్టం పెరుగుతుంది (దీనికి కార్బన్ పూత ఫైబర్ కొంత మందు). జిగురు జారితే సాగుదల తక్కువగా కనిపించి, తుప్పు లేదనిపిస్తుంది. తప్పుడు అలారం కన్నా ఇది ప్రమాదం.

“అల్ట్రాసోనిక్ దండగ.” ఫైబర్ చెప్పేది అతికించిన రోజు నుంచి వచ్చిన మార్పునే; అప్పటికే పోయిన మందం దానికి తెలియదు. మొదటిరోజే ప్రతి రింగు కింద అల్ట్రాసోనిక్ కొలతలు తీసి రాసి పెట్టుకోవాలి. రింగులను కూడా నీరు నిలిచే పల్లాల్లో, వంపుల దగ్గర, రసాయనాలు ఎక్కించే చోటికి దిగువన పెట్టాలి. ఉష్ణోగ్రత, ఒత్తిడి సవరించాక కూడా సాగుదల నెలల తరబడి పెరుగుతూనే ఉంటే, అక్కడికి మళ్లీ అల్ట్రాసోనిక్ పట్టుకెళ్లాల్సిందే.