ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బిచ్చి వేయించుకోవడమేనా?

భీమవరం, కాకినాడ, రాజమండ్రి, అమలాపురం లెక్చరర్లు, పీహెచ్‌డీ విద్యార్థులు ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఓపెన్ యాక్సెస్ జర్నల్ అంటే డబ్బు కట్టి పేపర్ వేయించుకునేది. అక్కడ రివ్యూ ఉండదు. ప్రమోషన్‌కి లెక్కలోకి రాదు. అందరికీ కనబడితే డేటా ఎత్తుకుపోతారు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చాక ఇక అవసరమే లేదు."

రొయ్యల వ్యాధులపై పనిచేస్తున్న ఒక విద్యార్థిని ఇది చదివి, "పంపడం మానేయమంటారాండీ మాస్టారూ?" అని అడిగింది. పేపర్ సిద్ధంగా ఉంది, టెన్షన్ ఒక్కటే అడ్డం. ఇలా ఇంకెంతమంది ఆగిపోతున్నారో అన్న బాధతో ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఓపెన్ యాక్సెస్ అంటే చదివేవాళ్లు డబ్బు కట్టక్కర్లేదని అర్థం. రాసేవాళ్లు కట్టి తీరాలని కాదు. ఈ ఉద్యమానికి పునాది వేసిన 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన చెప్పింది పాఠకుడి హక్కు గురించే. నాణ్యత చూసి జర్నళ్లను చేర్చుకునే డీఓఏజే (డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్) అనే ఆన్‌లైన్ జాబితాలో 20 వేలకు పైగా ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ఉన్నాయి. వాటిలో సగానికి పైగా రచయిత దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోవు. ఖర్చు విశ్వవిద్యాలయాలో, శాస్త్ర సంఘాలో, ప్రభుత్వ సంస్థలో భరిస్తాయి. మన దేశం సంగతే చూడండి. 1932 నుంచి వస్తున్న కరెంట్ సైన్స్‌ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆక్వా వాళ్లకు బాగా తెలిసిన ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్ కూడా అంతే.

ఫీజు తీసుకునే జర్నళ్లు ఉన్న మాట నిజం, కొన్నిచోట్ల అది దారుణంగా ఉన్న మాటా నిజం. నేచర్ పత్రికలో పేపర్‌ని అందరికీ తెరిచి ఉంచాలంటే 2021లో 9,500 యూరోలు అడిగారు. అంటే ఎనిమిది లక్షల రూపాయల పైమాటే. పేద దేశాల వారికి చాలా జర్నళ్లు ఫీజు మినహాయిస్తాయి గానీ, ఆ జాబితాల్లో సాధారణంగా భారత్ ఉండదు. మన డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి ఇది పెద్ద అన్యాయమే, దీన్ని గట్టిగా అడగాల్సిందే. కానీ పద్ధతిగా నడిచే జర్నల్లో ఆ ఫీజు కట్టేది రివ్యూ అయి, పేపర్ ఆమోదించాక. డబ్బుతో ఆమోదం కొనుక్కోవడం వేరు, ఆమోదమైన పేపర్‌కి అచ్చు ఖర్చు కట్టడం వేరు.

ఇక రివ్యూ, అంటే పేపర్ వేసేముందు ఆ రంగం నిపుణులు దాన్ని పరీక్షించడం. అది ఉండదన్న భయం ఊరికే పుట్టలేదు. జాన్ బొహానన్ అనే విలేకరి తప్పులతడకగా అల్లిన ఒక దొంగ పేపర్‌ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పేసుకున్నాయి. ఆ కథనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. మన హైదరాబాద్‌కి చెందిన ఒమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ రచయితలను మోసపుచ్చిందని తేల్చి, 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఈ రెండూ నిజాలే. అయితే బొహానన్ ఆ పేపర్‌ని చందా జర్నళ్లకు, అంటే డబ్బు కడితేనే చదవనిచ్చే వాటికి, పంపనే లేదు, కాబట్టి అవి నయమని ఆ పరీక్ష చెప్పదు. పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నల్ ప్లాస్ వన్ దాన్ని తిప్పికొట్టింది. మరోవైపు, పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ తప్పుగా ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ని వేసింది చందా జర్నల్ లాన్సెట్. దాన్ని వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది.

మోసం తెరిచి ఉంచడంలో లేదు, చూసేవాళ్లు లేకపోవడంలో ఉంది. చెరువులో రొయ్య సీడ్ దింపే ముందు రోగం ఉందేమోనని పీసీఆర్ టెస్ట్ చేయించినట్టే జర్నల్‌నీ పరీక్షించుకోవాలి. డీఓఏజేలో ఉందా? ఎడిటర్ల పేర్లు వాళ్ల విశ్వవిద్యాలయం పేజీల్లో కనబడుతున్నాయా? ఫీజు ముందే స్పష్టంగా రాశారా? మూడు రోజుల్లో వేస్తాం అంటూ వాళ్లంతట వాళ్లే మెయిల్ పెడితే మాత్రం అటు చూడకండి.

ప్రమోషన్ మాట తేలికే. యూజీసీ 2018 నిబంధనల్లో అడిగింది పీర్ రివ్యూ ఉన్న జర్నలా, లేక యూజీసీ జాబితాలోదా అని. చందాదా, తెరిచినదా అన్న తేడా అందులో లేదు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ అనే తన ఆ జర్నళ్ల జాబితానే ఎత్తేసింది.

డేటా దొంగతనం అంటారా? పేరూ తేదీతో అందరి కళ్ల ముందూ ఉన్న పేపర్‌ని కాపీ కొడితే దొరికిపోవడమే సులువు. పైగా ఓపెన్ యాక్సెస్ పేపర్లకు ఎక్కువగా వాడే సీసీ బై అనే లైసెన్స్ కింద వాడుకునేవాళ్లు రచయిత పేరు చెప్పి తీరాలి.

చివరిది వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే సంస్థలన్నిటి తరఫునా కేంద్రమే జర్నళ్లకు చందా కట్టడం. మంచి పథకమే. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల జర్నళ్లు. 2025 జనవరిలో మొదలైంది. కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల కోసం. మన డెల్టాలో చాలా కాలేజీలు ప్రైవేటువి. ఆకివీడులో ల్యాబ్ నడిపే టెక్నీషియన్, వైట్ గట్ అనే రొయ్యల జబ్బుతో పంట పోగొట్టుకున్న రైతు, కొబ్బరికి తెల్లదోమ పట్టిన కోనసీమ రైతు కొడుకు, వీళ్లెవరికీ అందులో లాగిన్ లేదు. ప్రపంచంలో కుంగిపోతున్న డెల్టాలపై 2009లో వచ్చిన పరిశోధనలో మన గోదావరి డెల్టా కూడా ఉంది. అదీ చందా జర్నల్ నేచర్ జియోసైన్స్‌లోనే వచ్చింది. మన కాళ్ల కింద నేల గురించి రాసింది మనవాళ్లు చదవాలంటే ముందు చందా ఉందా అని చూసుకోవాల్సి రావడం నాకు మింగుడుపడదు. చందా పథకంతో కొందరికి తలుపు తెరుచుకుంటుంది, పేపర్ మాత్రం మూసే ఉంటుంది.

అందుకే ఆ విద్యార్థినికి పంపమనే చెప్పాను. ఫీజు లేని మంచి జర్నల్ దొరక్క చందా జర్నల్‌కే వెళ్లాల్సి వచ్చినా దారి ఉంది. ఆమోదమైన రాతప్రతిని కొంత గడువు తర్వాత విశ్వవిద్యాలయ భాండాగారంలో, అంటే అందరూ చదవగల ఆన్‌లైన్ నిల్వలో, పెట్టుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. తమ నిధులతో చేసిన పరిశోధనలకు ఈ పని చేయమని కేంద్ర బయోటెక్నాలజీ (డీబీటీ), సైన్స్ అండ్ టెక్నాలజీ (డీఎస్‌టీ) శాఖలు 2014లోనే విధానం తెచ్చాయి. కాపీరైట్ పత్రంపై సంతకం పెట్టేముందు ఆ వెసులుబాటు ఉందో లేదో చదువుకోండి.