చేత్తో ఎక్కించిన లినక్స్‌కి జీఐ ట్యాగ్ ఇవ్వాల్సిందే

ఫలానా సరుకు ఫలానా ఊరిదేనని గుర్తింపునిచ్చే జీఐ ట్యాగ్‌ని పోచంపల్లి ఇక్కత్‌కి ఇచ్చారు. తిరుపతి లడ్డూకి ఇచ్చారు. హైదరాబాద్ హలీమ్‌కి ఇచ్చారు, మేమేం తక్కువ అంటే బందరు లడ్డూకీ ఇచ్చారు. మా కాలేజీ రెండో అంతస్తులో, 11 ఏళ్ళుగా, ఒక్కో సిస్టమ్ ముందు స్టూలేసుకుని కూర్చుని నేను చేత్తో ఎక్కిస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కి మాత్రం ఇంతవరకు ఏ జీఐ ట్యాగూ రాలేదు. అడిగితే నవ్వుతున్నారు. నవ్వే విషయం కాదిది, అందుకే ఇంత సీరియస్‌గా రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామర్‌ని. ప్రోగ్రాములు రాస్తాననుకునేరు, మన కాలేజీల్లో ప్రోగ్రామర్ అంటే ల్యాబ్ తాళాలు ఎవరి దగ్గరుంటాయో ఆ మనిషి. నా చేతి కింద 40 సిస్టమ్‌లున్నాయి. మూడు విడతల్లో కొన్నవి కాబట్టి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలంటే మొదటి 15కి ఎఫ్12 నొక్కాలి, తర్వాతి 15కి ఎఫ్9, మిగతా 10కి డిలీట్, అందులోనూ 33వ సిస్టమ్‌కి డిలీట్ కీ పనిచేయదు గనక పక్కదాని కీబోర్డు పీకి పెట్టాలి, పెట్టాక మళ్ళీ వెనక్కి పెట్టడం మర్చిపోతే 34లో కూర్చున్న పిల్లవాడు వచ్చి ఏడుస్తాడు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే నాకు జీతం ఎందుకిస్తారు?

ఒక్కో సిస్టమ్‌కి అప్‌డేట్లతో కలిపి ముప్పావు గంట. పెన్‌డ్రైవ్ ఒక్కటే. రెండోది ఉంది గానీ దాంట్లో హెచ్ఓడీ గారి అమ్మాయి పెళ్ళి ఫొటోలున్నాయి, దాన్ని ఫార్మాట్ కొట్టే ధైర్యం ఈ క్యాంపస్‌లో ఎవరికీ లేదు. అంటే 30 గంటల పని. మధ్యలో టీలు, కరెంటు పోవడాలు, ప్రిన్సిపాల్ గారి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తీయడాలు కలిపితే వారం. ఆ వారమంతా నేను కారిడార్‌లో నడుస్తుంటే ఎవరూ ఏ పనీ చెప్పరు. "పాపం, సిస్టమ్‌లు చేస్తున్నాడు" అనుకుంటారు. ఈ గౌరవం, పనంతా దానంతటదే జరిగేలా స్క్రిప్టు రాసేవాడికి వస్తుందా చెప్పండి.

ఇక నాణ్యత సంగతి. మిషన్ మీద తీసినవన్నీ ఒకే అచ్చు. చేత్తో చేసిన వాటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు, అదే కదా చేతిపని గొప్పతనం. మా ల్యాబ్‌లో 9వ సిస్టమ్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ని తీసుకెళ్ళి 23లో నడిపితే "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అని మొహం మీద చెప్పేస్తుంది. ఎందుకంటే 9లో ఉన్నది ఉబుంటు అనే రకం లినక్స్ 22.04 వెర్షన్, దాని సీ లైబ్రరీ, అదే జీలిబ్‌సీ, 2.35. 23లో ఉన్నది ఇంకా 20.04, దాని లైబ్రరీ 2.31. ఎందుకలా అంటే, 22 సిస్టమ్‌లు పూర్తయ్యేసరికి శనివారం సాయంత్రమైంది, మిగతావి సోమవారం చేద్దామనుకున్నాను. ఆ సోమవారం ఇంకా రాలేదు. దానివల్ల నష్టమేం జరగలేదు. ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్ రోజు పిల్లలు పొద్దున్నే ఏడున్నరకే వచ్చి, ఆర్టీసీ బస్సులో సీటుకి వేసినట్టు 9 మీద కర్చీఫ్ వేస్తున్నారు. క్రమశిక్షణ, సమయపాలన! కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఈ పాయింట్ ఫైల్లో పెట్టమని నేనే సూచించాను.

కానీ నా కళంతా చూడాలంటే ఎన్ఎస్2 దగ్గర చూడాలి.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను, ఎన్ఎస్2 అంటే నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో వాడే సిమ్యులేటర్. దాని 2.35 వెర్షన్ 2011లో వచ్చింది. దాని వారసుడు ఎన్ఎస్3 అంతకు మూడేళ్ళ ముందే, 2008లోనే వచ్చి కూర్చుంది, అయినా పెద్దవాళ్ళను వదిలేసే సంస్కారం కాదు మనది. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ఆప్ట్‌లో ఎన్ఎస్2 సిద్ధంగా దొరుకుతుందని, ఒక్క లైన్ కొడితే వచ్చేస్తుందని కొందరంటారు. రెడీమేడ్ చొక్కాలు తొడుక్కునేవాళ్ళకి దర్జీ విలువ ఏం తెలుస్తుంది? నేను సోర్సు విప్పి, అక్కడికక్కడ కంపైల్ చేస్తాను. అప్పుడేమవుతుందో మన నానమ్మలు ఏనాడో చెప్పారు.

ఎన్ఎస్2, ఎన్ఎస్2, ఎందుకు ఎండలేదు? ఎల్ఎస్ డాట్ హెచ్ ఫైల్లో 137వ లైను అడ్డమొచ్చింది. లైనూ, లైనూ, ఎందుకు అడ్డమొచ్చావు? కొత్త జీసీసీ కంపైలర్ నన్ను ఒప్పుకోలేదు. జీసీసీ, జీసీసీ, ఎందుకు ఒప్పుకోలేదు? మా పాత అన్న 4.6 అయితే చూసీచూడనట్టు పోయేవాడు, అతన్ని పిలవండి. అన్నా, అన్నా, ఎందుకు రాలేదు? నేను పాత ఉబుంటు రిపాజిటరీలోనే ఉండిపోయాను, 22.04లో నాకు చోటివ్వలేదు. రిపాజిటరీ, రిపాజిటరీ, ఎందుకు తెరుచుకోలేదు? కాలేజీ ప్రాక్సీ పాస్‌వర్డ్ మార్చేసింది. ప్రాక్సీ, ప్రాక్సీ, ఎందుకు మార్చావు? నా బంగారు బ్యాండ్‌విడ్త్‌లో హాస్టల్ కుర్రాళ్ళు వేలు పెడితే మార్చనా?

అసలు చీమని వదిలేసి ఆ 137వ లైన్లో 'ఎరేజ్' అన్న మాటకి ముందు 'దిస్' అని రాసి ఒక బాణం గుర్తు పెడితే చాలు, కంపైలర్ నోరు మూసుకుంటుంది. ఈ రహస్యం తెలిసిన మూడో రోజు నుంచి ఆ బాణం నేను పెడుతున్నాను. 40 సిస్టమ్‌లు, 40 ఫైళ్ళు, 40 బాణాలు. రాముడు ఒక్క బాణంతో ఏడు చెట్లు కొట్టాడని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆలోచిస్తే అది ఆటోమేషనే. ఆయన కూడా ఒక్కో చెట్టు దగ్గరికీ స్టూలేసుకుని వెళ్ళి ఉంటే సుగ్రీవుడికి ఇంకా నమ్మకం కలిగేది.

బాణం పెట్టాక, కమాండ్లు ఎక్కడున్నాయో సిస్టమ్‌కి చెప్పే పాత్‌లు రాసుకోవాలి. 14లో పాత పాత్‌ని కలపడం మర్చిపోయాను, అప్పట్నుంచి అందులో ఫైళ్ళ జాబితా చూపించే ఎల్ఎస్ అని కొడితే అలాంటి కమాండే లేదంటుంది. పిల్లలు దాన్ని ధ్యానమందిరం అంటారు. 28లో ప్రయోగానికని 24.04 ఎక్కించాను, దాంట్లో పైథాన్ లైబ్రరీ ఏదో పడాల్సొచ్చింది, వాటిని తెచ్చిపెట్టే పిప్ ఒప్పుకోలేదు, ఇది సిస్టమ్ పైథాన్, ముట్టుకోకు అంది. దానికీ ఒక ఆప్షన్ ఉంది, పేరు 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్'. మీరు నమ్మరు, నిజంగా అదే పేరు. సిస్టమ్‌ని విరగ్గొట్టు అని మనచేత పూర్తిగా టైపు చేయించి మరీ చేస్తుంది. ఇంత నిజాయితీ నేను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా చూడలేదు, అందుకే ముచ్చటపడి వాడాను. విరిగింది.

ఇక్కడ సిద్ధాంతం మాట్లాడేవాళ్ళు లేస్తారు. స్టాల్‌మన్ గారు 1983లో గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ పని మొదలుపెట్టారు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి నాలుగు స్వేచ్ఛలుండాలన్నారు, వాటిని సున్నా నుంచి లెక్కపెట్టారు, అందులో 2వ నంబరు స్వేచ్ఛే కాపీలు తీసి పంచుకోవడం, మరి నువ్వెందుకు ఒక్కసారి చేసి కాపీ తీయవు అంటారు. తీసే స్వేచ్ఛ ఉందన్నారు గానీ తీయక తప్పదని ఎక్కడన్నారు? తీయకుండా ఉండటం నా స్వేచ్ఛ. దానికి నంబరు ఇవ్వడం ఆయన మర్చిపోయారు.

పైగా కాపీ సంగతి మేం చూడకపోలేదు. మొదట డీడీ అనే కమాండ్‌తో మొదలుపెట్టాను. అందులో ఐఎఫ్ అంటే ఎక్కడినుంచి, ఓఎఫ్ అంటే ఎక్కడికి. నేను వాటిని తారుమారు చేశాను. మూడు రోజులు కష్టపడి తయారుచేసిన డిస్కు మీదికి, కొత్తగా కొన్న ఖాళీ డిస్కులోని ఖాళీని, ఒక్క బైటు కూడా పొల్లుపోకుండా కాపీ చేసి పెట్టింది. "నిజంగానా సార్?" అని ఒక్క మాట అడగలేదు. చెప్పింది చెప్పినట్టు, ఎదురు ప్రశ్న లేకుండా చేసేవాణ్ణి మా కాలేజీలో చూడటం అదే మొదలు.

తర్వాత క్లోనెజిల్లా. ఒక సిస్టమ్ డిస్కుని మిగతావాటికి కాపీ కొట్టే, తైవాన్ వాళ్ళు చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్, మంచిదే, ఒక పూటలో పని అయిపోయింది. మర్నాడు చూస్తే 40 సిస్టమ్‌లూ తమ పేరు ల్యాబ్2-01 అంటున్నాయి. అన్నిటికీ ఒకే మెషీన్ ఐడీ, నెట్‌వర్క్ మీంచి లాగినయ్యేవాళ్ళు సిస్టమ్‌ని గుర్తుపట్టే ఒకే ఎస్ఎస్‌హెచ్ కీ. ప్రింటర్ క్యూలో 11 పేజీల ప్రింటొకటి వచ్చింది, ప్రేమలేఖో రికార్డో తెలియదు గానీ ఇచ్చింది మాత్రం ల్యాబ్2-01. మాస్టర్ కాపీ తీసేముందే మెషీన్ ఐడీ ఫైలు ఖాళీ చేసి, కీలు తుడిచేసి, మొదటి బూట్‌లో కొత్తవి పుట్టేలా పెట్టి, పేరు మార్చుకుంటే సరిపోతుంది, పావుగంట పని. ఆ ముక్క నాకు తెలుసు. తెలిసినా, "క్లోనింగ్ వల్ల సిస్టమ్‌లు తమ ఉనికి కోల్పోతున్నాయి" అని ప్రిన్సిపాల్ గారికి నోట్ పెట్టాను, ఆయన సంతకం పెట్టారు. అన్నీ మళ్ళీ చేత్తో చేశాను. ఆ నెలలో నాకు బెస్ట్ నాన్ టీచింగ్ స్టాఫ్ శాలువా కప్పారు.

అంతా సవ్యంగా సాగుతుండగా, థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకతి వచ్చి "సార్, ఆన్సిబుల్ పెడదామా?" అంది.

అదేంటో నాకు తెలియక కాదు. 2012లో వచ్చింది. అవతలి సిస్టమ్‌లో ఎస్ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. ఏమేం ఉండాలో ఒక ఫైల్లో రాసిపెడితే 40కీ వెళ్ళి అదే పెట్టొస్తుంది. మళ్ళీ నడిపితే, అన్నీ ఉన్నచోట ఉంటే, 'చేంజ్‌డ్ సున్నా' అని చెప్పి ఊరుకుంటుంది. ఏమీ చేయకుండా ఊరుకోవడానికి మన కాలేజీలో ఇప్పటికే స్టాఫ్ ఉన్నారమ్మా అన్నాను. వినలేదు. ఓఎస్‌ని క్లోనెజిల్లాతో నెట్‌వర్క్ మీద అన్నిటికీ ఒకేసారి పంపుదాం, పేర్లూ కీలూ ఎన్ఎస్2 బాణమూ ఆన్సిబుల్‌తో పెడదాం, ఆ ఫైలు ల్యాబ్‌లోనే ఉంచుదాం, రేపు మీరు సెలవు పెట్టినా ఎవరైనా నడుపుకోవచ్చు అంది. చివరి మాట నాకు అస్సలు నచ్చలేదు.

కూర్చోబెట్టి చేనేత గురించి పావుగంట చెప్పాను. చేతి స్పర్శ, ఆత్మ, ఓపిక, తరతరాల విద్య, మిల్లు గుడ్డకీ మగ్గం గుడ్డకీ తేడా. అంతా శ్రద్ధగా వింది.

"మాది పోచంపల్లి పక్కనే సార్. మా అమ్మ ఆసు పోసేది" అంది.

ఆసు అంటే ఏంటని నేను అడగలేదు, చేనేత మీద పావుగంట మాట్లాడినవాణ్ణి ఎలా అడుగుతాను? తనే చెప్పింది. అద్దకానికి ముందు దారాన్ని వరసగా ఉన్న మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పోయాలట. ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు తిరగాలి. రోజుకి రెండు చీరలంటే 18,000. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు, అది నాకు పేపర్లో చదివిన గుర్తుంది గానీ దేనికిచ్చారో అప్పుడు చదవలేదు.

"ఇప్పటికీ చీర మగ్గం మీదే నేస్తారు సార్, జీఐ కూడా అలాగే ఉంది. ఆ మిషన్ వచ్చాక మా అమ్మ జడ తనే వేసుకుంటోంది." కాసేపాగి, "మీ చెయ్యి ఏమైంది సార్?" అంది.

మౌస్ పట్టుకునే చేతికి క్రేప్ బ్యాండేజీ ఉంది, రెండేళ్ళుగా ఉంది. ఏం లేదమ్మా అని టేబుల్ కిందికి పెట్టుకున్నాను.

ఆదివారం ట్రయల్‌గా చేసుకోమని తాళాలిచ్చాను. ముగ్గురు పిల్లలొచ్చారు. నేను పర్యవేక్షణ చేశాను, అంటే మొదట టీకి వెళ్ళాను, తర్వాత భోజనానికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూస్తే 23 కూడా 22.04 అంటోంది, ఎదురుచూసిన ఆ సోమవారం ఆదివారమే వచ్చేసింది. 14లో ఎల్ఎస్ కొట్టాను, పలికింది. 9 పక్కన 10లో, 10 పక్కన 11లో, ఒకే ప్రోగ్రామ్ ఒకేలా నడుస్తోంది. రేపట్నుంచి పిల్లలు కర్చీఫ్ ఎక్కడ వేస్తారు?

స్క్రీన్ మీద లెక్క వచ్చింది. 39 ఓకే. 17వది అన్‌రీచబుల్.

"దాని కేబుల్ ఎలుక కొరికింది సార్, రేపు మార్చి మళ్ళీ నడిపితే అదే పెట్టుకుంటుంది" అంది ఆ అమ్మాయి. రేపటిదాకా ఎందుకమ్మా, మీరు వెళ్ళండి, బస్సు టైమైంది అన్నాను. వాళ్ళు వెళ్ళాక తలుపు లోపల్నుంచి గడియ పెట్టి, స్టూలు లాక్కుని, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి 17కి గుచ్చి ఎఫ్9 నొక్కాను. అది ఎక్కుతున్నంతసేపూ ఖాళీగా కూర్చోవడమెందుకని జీఐ దరఖాస్తు బయటికి తీసి, ఉత్పత్తి పరిమాణం అన్నచోట 40 కొట్టేసి 1 అని రాశాను.