దప్పళంలో బెల్లం ఎంత? బయటికి పొక్కకూడని సంగతులు

విశాఖపట్నంలో సంక్రాంతి భోజనానికి పెద్ద ముప్పే వచ్చిపడింది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు, సెలవు పెట్టి బెంగుళూరు నుంచి దిగిన కొడుకులు ఫోను చేతపట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, చింతపండు ఎన్ని గ్రాములు?" అని అడిగేస్తున్నారు. ఈ ప్రశ్నకు మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న జవాబు ఒక్కటే: "చూసుకుని వెయ్యడమే." ఆ జవాబు నిలిచినన్నాళ్లే సంప్రదాయం నిలుస్తుంది. లెక్క గ్రాముల్లోకి దిగిపోతే, నలభై ఏళ్లుగా గరిటె తిప్పుతున్న పెద్దత్తకీ నిన్న స్టవ్వు వెలిగించడం నేర్చుకున్న మేనల్లుడికీ తేడా ఏం మిగులుతుంది?

అందుకే ఏయే వివరాలు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటపెట్టకూడదో, అనుమానానికి తావు లేకుండా, కొలతలతో సహా ఇక్కడ తెలియజేస్తున్నాం.

అన్నం మీద, పప్పు మీద, ఆఖరికి కనుమనాటి నాటుకోడి మీద కూడా ఏ ఇంట్లోనూ పేచీ ఉండదు. కోడి ముదురుదైతే కుక్కరు ఇంకో రెండు కూతలు వేస్తుంది, అంతటితో దాని కథ సరి. అధికారమంతా విస్తరిలో పక్కన ఒదిగి కూర్చునే వాటిది. దప్పళం ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వారిది.

దప్పళం గొడవకు చారిత్రక కారణాలున్నాయి. 1933లో ఇక్కడ ఓడరేవు తెరిచారు. ఓడల కర్మాగారానికి 1941లో, ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. వీటివల్ల దేశానికి ఓడలూ ఉక్కూ సమకూరాయని పుస్తకాల్లో రాస్తారు. వంటింట్లోంచి చూస్తే జరిగింది వేరు. శ్రీకాకుళం పులుసు, గోదావరి పులుసు, గుంటూరు పులుసు ఒకే వీధిలో కాపురం పెట్టాయి, తర్వాత వాటి పిల్లలు ఒకరినొకరు పెళ్లాడారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు కూతవేటు దూరంలో ఉండగా దప్పళంలో బెల్లానికి చెయ్యి బిగపట్టడం ఇక్కడివాళ్లకు అమర్యాద. గుంటూరు వియ్యపురాలు మాత్రం మొదటి ముద్దకే "పాయసం ముందే వడ్డించేశారా వదినగారూ?" అంటుంది. ఇక ఇంటి ముసలమ్మ, పరాయివాళ్ల ముందు కోడల్ని వెనకేసుకురావాలన్న నియమం మరిచిపోయి, "ఏటే, పులుసులో బెల్లం ఏసినావా, బెల్లంలో పులుసు పోసినావా?" అని అందుకుంటుంది.

కాబట్టి పదిమందికి చింతపండు పెద్ద నిమ్మకాయంత, అంటే 60 గ్రాములు, బెల్లం 50 గ్రాములు అన్న మాట ఎవరి చెవినా పడకూడదు. అంతకన్నా గుట్టుగా ఉంచాల్సింది ముక్కలు వేసే వరస. ముందు ములక్కాడ, చిలగడదుంప. అవి సగం ఉడికాక ఆనపకాయ, ఆ తర్వాత తొక్కతోనే కోసిన తీపి గుమ్మడి, సుమారు అరకిలో. తొక్క తీస్తే గుమ్మడి కరిగిపోయి దప్పళం కాస్తా గుజ్జవుతుంది. బెండకాయ ముక్కల్ని విడిగా నూనెలో వేయించి చివర్లో వెయ్యాలి, లేకపోతే జిగురు. ముక్కలు మెత్తబడకుండా చింతపండు రసం పొయ్యకూడదు, పులుపు తగిలితే ముక్క బిగుసుకుపోయి ఎంతసేపటికీ ఉడకదు. ఆడపడుచు చేసిన దప్పళంలో చిలగడదుంప పంటికింద కరకరలాడడానికి ఏటా కారణం ఇదే. ఆ సంగతి వదినకు తెలుసు. చెప్పదు. ఆఖరున చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి, ఒక్క పొంగు రానిచ్చి, ఇంగువ పోపు.

తర్వాతిది కంద బచ్చలి. భోగికి ముందురోజు సీతమ్మధార, ఎంవీపీ కాలనీ రైతుబజార్లలో కంద దగ్గర గుమిగూడేవాళ్లలో చాలామందికి దాన్ని తరిగే యోగ్యత లేదు. చేతికి నూనె రాసుకోకుండా తరిగి, దురదకు గోక్కుంటూ, పాపం కందను తిడతారు. అరకిలో కందకు రెండు కట్టల బచ్చలి, కొద్దిగా చింతపండు రసం. ఇక్కడ పులుపు గొంతు దురదకు మందు కూడా. కంద పూర్తిగా ఉడికాకే పొయ్యాలి.

ఈ కూరకు ఆవ పెట్టడంలోనే అసలు విద్య. ఒక పెద్ద చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు పావుగంట నానబెట్టి, ఉప్పు వేసి, చన్నీళ్లతో నూరాలి. ఆవాలు నలిగి నీళ్లు తగిలాకే ఘాటు పుడుతుంది. వేన్నీళ్లు పోసినా, పొయ్యి మీదున్న కూరలో కలిపినా ఆ ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. కూర దింపి, గోరువెచ్చగా అయ్యాక కలిపి మూత పెట్టాలి. నిజానికి ఇది రెండు వాక్యాల విద్య. దీన్ని ముగ్గురు కోడళ్లకు పన్నెండేళ్ల పాటు నేర్పకుండా ఉండగలగడమే అత్తగారి ప్రతిభ. ఆవ కలిపే వేళకు "కాస్త ఆ కొబ్బరికాయ కొట్టుకురా అమ్మా" అని పంపించేస్తే సరిపోతుంది.

కనుమనాడు మినుము తినాలి, అంటే గారె. దీని గురించి అందరూ మాట్లాడతారు, పప్పు ఎంతసేపు నానాలో ఒక్కరూ చెప్పరు. మినప గుళ్లు నాలుగు గంటలు చాలు. రాత్రంతా నానబెడితే పిండి జారుగా వచ్చి నూనె తాగుతుంది. నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బి, చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. గారెలు వేయించబోయే ముందే ఉప్పు కలపాలి, పొద్దున్నే కలిపి ఉంచితే మధ్యాహ్నానికి పిండి నీరొదులుతుంది. మధ్యలో చిల్లు లోపలిదాకా ఉడకడానికే గాని అందానికి కాదు. ప్యాకెట్లో దొరికే ఇడ్లీ పిండితో గారెలు వేసే ఇళ్ల గురించి ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆవడలకు వేయించిన గారెల్ని ముందు గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, మెల్లగా పిండి, ఆ తర్వాతే పెరుగులో వెయ్యాలి. నేరుగా వేస్తే లోపల పొడిగా ఉండిపోతుంది. పెరుగు పులిసి ఉంటే కాసిని పాలు పొయ్యండి. అప్పడాల మీద హక్కు ఎవరూ అడగరు. వాటిని వేయించే పని ఎప్పుడూ ఇంటల్లుడికి పడుతుంది, ఆయన గంట ముందే వేయించేస్తాడు, ఈ ఊరి సముద్రపు గాలికి అవి విస్తరిలోకి వచ్చేసరికి మెత్తబడతాయి, అంతా ఆయన వైపు చూస్తారు. ఇదీ సంప్రదాయమే. మార్చే ప్రయత్నం చేయవద్దు.

వీటి పరిరక్షణకు మా సూచనలు కొన్ని. వంటింట్లోకి కాటా రానివ్వకూడదు. ఎవరైనా వీడియో తీస్తుంటే వంట చేసే ఆవిడ తన వీపు కెమెరావైపు ఉండేలా నిలబడాలి. అయినా పట్టుబట్టి కొలత అడిగేవాళ్లకు "గుప్పెడు" అని చెప్పవచ్చు, గుప్పెడు ఎవరిదో చెప్పనక్కర్లేదు. మరీ దగ్గరివాళ్లయితే అన్నీ చెప్పి ఇంగువ ఒక్కటి మరిచిపోవాలి.

మిగిలిన దప్పళం విషయంలో మాత్రం జాగ్రత్త. ముక్కలకు పులుపు బాగా పట్టి ముక్కనుమ నాటికి అది ఇంకా రుచిగా ఉంటుంది గనక పంపకం దగ్గర తగాదా తప్పదు. చల్లారాకే డబ్బాల్లో పోసి మూత పెట్టండి, వేడిగా పోస్తే దారిలోనే పొంగి కారు సీటు పాడవుతుంది. గాజువాక వెళ్లేవాళ్లకు గుమ్మడి ముక్కలు ఎక్కువ, మధురవాడ వెళ్లేవాళ్లకు ములక్కాడలు ఎక్కువ పడ్డాయన్న ఫిర్యాదు ఉగాది దాకా నడుస్తుంది. స్టీలు డబ్బా ఇస్తే మూత మీద పేరు చెక్కించి ఇవ్వండి.