మీ సినిమా మొదటి రెండు నిమిషాలు మీవేనా?

మొన్న ఒక కాలేజీ ఫెస్ట్‌లో షార్ట్ ఫిల్మ్ పోటీకి జడ్జిగా పిలిస్తే వెళ్లాను. ముగ్గురం జడ్జీలం, 11 సినిమాలు. అన్నీ ఇంటర్, డిగ్రీ పిల్లలు తీసినవే, అన్నీ టీనేజ్ కథలే. ఇంటికొచ్చి రెండు రోజులైనా ఆ సినిమాలు మనసులోంచి పోవడం లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

11 సినిమాల్లో 7 ఒకేలా మొదలయ్యాయి. ముందు నిమిషం పాటు స్పెషల్ థ్యాంక్స్ కార్డులు. తర్వాత కాలేజీ మీద డ్రోన్ షాట్. ఫోన్‌లో అలారం మోగుతుంది, దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఆపుతుంది. "హాయ్, నా పేరు ఫలానా" అని వాయిస్ ఓవర్. బైకు, కారిడార్, స్లో మోషన్. ఎదురుగా అమ్మాయి, గాలికి ఎగిరే జుట్టు, చేతిలోంచి జారిపడే పుస్తకాలు.

ఇవన్నీ వాడటం తప్పని నేననను. జానర్ అంటేనే అది. 'ఇది ఫలానా రకం సినిమా' అని చూసేవాడికి మొదట్లోనే మాటివ్వడం. దెయ్యం సినిమాలో తలుపు కిర్రుమంటుంది, టీనేజ్ సినిమాలో కారిడార్ ఉంటుంది. నా బాధంతా ఒకటే. ఆ కారిడార్ అక్కడ ఎందుకుందో ఈ పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

అమెరికా హైస్కూళ్లలో పిల్లలు రోజంతా ఒకే గదిలో కూర్చోరు. పీరియడ్ మారితే గది మారతారు. పుస్తకాలు పెట్టుకోవడానికి కారిడార్‌లో లాకర్లుంటాయి. అందుకే అందరికీ అందరూ ఎదురుపడే చోటు అది. ఎవరిది ఏ గ్యాంగ్, ఎవర్ని చూసి ఎవరు పక్కకి జరుగుతారు, ఎవరు గోడకి ఆనుకుని నడుస్తారు, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. చూడ్డానికి బాగుంటుందని కాదు, ఆ పిల్లల జీవితం నిజంగా అక్కడ నడుస్తుంది కాబట్టే అక్కడి డైరెక్టర్లు కెమెరాని ఆ కారిడార్‌లో పెట్టారు.

మరి మన ఇంటర్ ఎక్కడ నడుస్తుంది? మన దగ్గర లెక్చరర్ మారతాడు, పిల్లలు అదే బెంచీ మీద ఉంటారు. చాలా కార్పొరేట్ కాలేజీల్లో అబ్బాయిల క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు. ఆ 7 సినిమాల్లో ఒకటి తీసిన కుర్రాణ్ణి పక్కకి పిలిచి అడిగాను.

"ఇంటర్ ఎక్కడ చదివావు నాన్నా?"

"రెసిడెన్షియల్‌లో సార్."

"మీ క్యాంపస్‌లో అమ్మాయిలుండేవాళ్లా?"

"లేదు సార్."

"మరి కారిడార్‌లో ఆ అమ్మాయి?"

"సినిమా కదా సార్."

ఆ మాట నాకు గుచ్చుకుంది. తను బతికిన రెండేళ్లు సినిమాకి పనికిరావని ఆ పిల్లాడు మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు.

ఎందుకు పనికిరావు? ఇంకా తెల్లారకముందే వార్డెన్ తలుపులు బాదుకుంటూ పోయే చప్పుడు అలారం కంటే ఎంత బాగుంటుంది! మంచం కింద ట్రంకు పెట్టె, దానికి తాళం, లోపల ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ సీసా. స్టడీ అవర్‌లో వందమంది ఒకేసారి పైకి చదువుతుంటే వచ్చే హోరు. ఔటింగ్ రోజు కోసం దాచుకున్న ఇస్త్రీ చొక్కా. వీకెండ్ టెస్ట్ మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టగానే ఎగబడే గుంపు. మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు, నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు ఇవాళ పై ఫ్లోర్‌లో ఉంటాడు. లాకర్ల కారిడార్ వాళ్లకి చేసే పని మనకి ఆ నోటీసు బోర్డు చేస్తుంది. ఎవరు పైన, ఎవరు కింద, ఎవరు ఏడుపు ఆపుకుంటున్నారు, అంతా ఒక్క షాట్‌లో వచ్చేస్తుంది.

1985లో జాన్ హ్యూస్ తీసిన 'ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' ఓపెనింగ్ మళ్లీ చూడండి. ఖాళీ స్కూలు మీద ఒక కుర్రాడి గొంతు వినిపిస్తుంది. తర్వాత శనివారం పొద్దున శిక్షకి వచ్చిన ఐదుగురు పిల్లలు ఒక్కొక్కరే స్కూలు ముందు కనిపిస్తారు. ఒకమ్మాయి వాళ్ల నాన్న బీఎండబ్ల్యూలో కూర్చుని అలుగుతుంది. ఒక కుర్రాడికి కారులోనే వాళ్లమ్మ చదువు మీద క్లాసు పీకుతుంది. ఇంకో అమ్మాయి దిగి కిటికీ వైపు వంగేలోపే కారు వెళ్లిపోతుంది. ఒకడు మాత్రం నడుచుకుంటూ వస్తాడు, వాణ్ణి దింపేవాళ్లు ఎవరూ లేరు. ఎవరూ "హాయ్, నా పేరు" అనలేదు, అయినా ఆ ఐదిళ్లలో ఏం జరుగుతుందో మనకి అర్థమైపోతుంది. జాయినింగ్ రోజు మన హాస్టల్ గేటు ముందు నిలబడితే ఇదే సీన్ రోజంతా నడుస్తుంది కదా! ఒకరు కారులో, ఒకరు ఆటోలో, ఒకరు నాన్నతో కలిసి బస్సు దిగి పరుపు చుట్ట భుజాన వేసుకుని.

మన పిల్లలు కాపీ కొడుతున్నది అమెరికా సినిమాల్ని కాదు, మన కాలేజీ సినిమాల్నే అని మీరనొచ్చు. నిజమే. 2007లో శేఖర్ కమ్ముల 'హ్యాపీడేస్' వచ్చినప్పటి నుంచి క్యాంపస్ అంటే అదే గుర్తుంటుంది. కానీ అది ఇంజనీరింగ్ కాలేజీ కథ. ఆ స్వేచ్ఛ, ఆ సరదాలు ఆ వయసువి. వాటిని పదహారేళ్ల ఇంటర్ కుర్రాడికి తగిలిస్తే అన్నయ్య చొక్కా తొడిగినట్టే ఉంటుంది.

ఇంకో మాట, సౌండ్ గురించి. బ్రిటన్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు మీడియా స్టడీస్ పిల్లలకి కొన్నేళ్లపాటు సరిగ్గా ఇదే పని ఇచ్చింది. టైటిల్స్‌తో కలిపి రెండు నిమిషాలు మించకుండా ఒక కొత్త సినిమా ఓపెనింగ్ తీయాలి. బొమ్మా, శబ్దమూ వాళ్లే తయారు చేసుకోవాలి, పాట పెడితే కాపీరైట్ లేనిదే పెట్టాలి. తీశాక మొదటి ప్రశ్న: అసలు సినిమాల పద్ధతుల్ని మీరు ఎక్కడ వాడారు, ఎక్కడ ముందుకి తీసుకెళ్లారు, ఎక్కడ ఎదిరించారు? ఈ ఒక్క ప్రశ్న మన ఫెస్టుల అప్లికేషన్ ఫారంలో పెడితే ఎంత బాగుండు! ఇక్కడేమో హిట్ పాట ఓపెనింగ్ మీద పరిచేస్తారు, యూట్యూబ్‌లో ఎక్కించగానే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. పాట తీసేస్తే కింద ఏమీ మిగలదు, ఎందుకంటే లొకేషన్ సౌండ్, అంటే షూటింగ్ చోట వినిపించే చప్పుళ్లు, రికార్డే చేసి ఉండరు.

ఆ 11లో ఒక సినిమా గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ప్రభుత్వ జూనియర్ కాలేజీ అమ్మాయిలు ముగ్గురు ఫోన్‌తో తీశారు. పల్లెటూరి బస్ స్టేజీ. ఒకమ్మాయి కంపాస్ బాక్సులోంచి ఆధార్ కార్డు తీసి చేత్తో పట్టుకుంటుంది, జీరో టికెట్ కోసం. దూరం నుంచి ఆర్టీసీ బస్సు వస్తుంది, ఫుట్‌బోర్డు దాకా జనం. కండక్టర్ లేదన్నట్టు చెయ్యి ఊపుతాడు. బస్సు ఆగదు. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నడక మొదలుపెడతారు. అప్పుడు పడింది టైటిల్. పాట లేదు, వాయిస్ ఓవర్ లేదు. టీనేజ్ సినిమా ఓపెనింగ్ చెప్పాల్సినవన్నీ అందులో ఉన్నాయి: ఎవరి గుంపు, ఏ ఊరు, వాళ్లకి ఏది అందడం లేదు.

దానికి ప్రైజ్ రాలేదు. నేను చాలాసేపు వాదించాను, మిగతా ఇద్దరూ డ్రోన్ షాట్ ఉన్న సినిమాకే వేశారు. బయట ఆ అమ్మాయిలు కనిపించి, "బస్సు షాట్ మరీ లెంత్ అయిందంటున్నారు సార్, కట్ చేయమంటారా?" అని అడిగారు.

వద్దమ్మా, అన్నాను. దుమ్ము అణిగేదాకా అలాగే ఉంచండి.

ఈ పోస్ట్ మీదాకా వస్తే మళ్లీ చెబుతున్నాను, ఒక్క సెకను కూడా తీయొద్దు.