ప్రతి కంట్లోనూ రావుగారు

మా సార్ పెన్ను పక్కన పెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని అడిగారు.

"ఏమ్మా, ఈ కే.వి. రావు ఎవరు? వచ్చిన ప్రతి పేషెంటు కంట్లోనూ ఉన్నాడు?"

నేను చెన్నైలో ఎం.ఆప్టమ్, అంటే కంటి పరీక్షల పైచదువు, రెండో ఏడు. పేపరు కంట్లో ఒత్తిడి మీద. పాదరసం మిల్లీమీటర్లలో కొలిస్తే మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. అంతకు మించితే గ్లకోమా అనే కంటి జబ్బు ఉందేమోనని చూడాలి. ఇంగ్లిషులో దీన్ని ఇంట్రాఆక్యులర్ ప్రెషర్ అంటారు. బుద్ధున్నవాళ్లెవరైనా ఒక్కసారి పూర్తిగా రాసి, ఆపైన ఐఓపీ అని మూడక్షరాలతో సరిపెట్టేస్తారు. నేను మాత్రం ప్రతిసారీ పూర్తి పేరే రాశాను. పాండిత్యమేం కాదు, ఎనిమిది వేల పదాలు నిండాలిగా. ఆ కక్కుర్తే నా కొంప ముంచింది.

మా వాళ్లకి రిఫరెన్సులు, అంటే ఎవరెవరి రాతలు వాడుకున్నామో ఆ జాబితా, ఏపీఏ పద్ధతిలో కావాలి, అదీ ఏడో ఎడిషన్ ప్రకారం. అమెరికాలో సైకాలజీ వాళ్లు 1929లో ఏడు పేజీల వ్యాసంగా మొదలుపెట్టిన నియమాలవి. ఇప్పుడు నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం. డబుల్ స్పేసు, చుట్టూ అంగుళం మార్జిను, ప్రతి రిఫరెన్సులోనూ రెండో లైను నుంచి అరంగుళం లోపలికి. ఆ అరంగుళాన్ని నేను స్పేస్ బార్ కొట్టి కొట్టి జరిపాను. తర్వాత ఎక్కడో ఒక్క కామా చేర్చేసరికి మొత్తం చెల్లాచెదురు. సరే, అది వేరే ఏడుపు.

అసలు చిక్కు పేర్ల దగ్గర. ఏపీఏకి మనిషంటే ఇంటిపేరే. పేరులో చివరి మాటే ఇంటిపేరని దాని లెక్క. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరమై ఒదిగి కూర్చుంటుంది. అంచేత ఏ ఇంటివాళ్లయినా సరే, ఆ జాబితాలోకి వెళ్లాక రావులూ రెడ్లూ ప్రసాదులూ అయిపోతారు. మా రూమ్మేట్ మదురై అమ్మాయి. తన పేరు ముందున్న అక్షరం వాళ్ల నాన్నది. ఇంటిపేరంటూ లేనే లేదు. "మా నాన్నని కామాకి ముందు పెట్టాలా, వెనక పెట్టాలా?" అని అది నన్నడిగేది. నేనే దిక్కుతోచక ఉంటే.

నా పేపర్లో ఇద్దరు రావులున్నారు. వాళ్లిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఉత్త "రావు" అని చెబితే మా అమ్మమ్మ "ఎవరి రావు? ఏ ఊరి రావు?" అని నిలదీస్తుంది. ఏపీఏ కూడా మా అమ్మమ్మేనని నాకు తెలీదు. ఇద్దరు రచయితలకి ఒకే ఇంటిపేరుంటే, సంవత్సరాలు వేరైనా సరే, వ్యాసంలో ప్రతిచోటా ఇనిషియల్స్ రాయాలట. ఒకాయన్ని కే.వి. రావు అనుకుందాం. నేను ఇనిషియల్స్ మార్చే చెబుతున్నాను, పాపం ఆయన నన్నేమీ అనలేదు.

రాత్రి ఒంటిగంట. ట్రిప్లికేన్‌లో హాస్టల్ గది. ఫ్యాను తిరుగుతున్నా చెమటలు ఆగని సముద్రపు ఉక్క. ఒక్కో రావునీ వెతికి మార్చే ఓపిక లేక, అందరినీ ఒకేసారి కే.వి. రావు చేసేసి, రెండో ఆయన ఉన్న ఐదు చోట్లా చేత్తో దిద్దుకుందామనుకున్నాను. రీప్లేస్ ఆల్ నొక్కాను. 163 మార్పులు చేశానంది కంప్యూటరు. నేను ఇద్దరు రావుల్నీ కలిపి తలుచుకున్నది 19 సార్లు. మిగతా 144 ఎక్కణ్ణుంచి వచ్చాయో అడగాలని ఆ నిద్రమత్తులో తట్టలేదు. ఇంత పని చిటికెలో అయిందని మురిసిపోయాను. స్పెల్లింగు తప్పులకి గీసే ఎర్రగీతలేమో ఎప్పుడో ఆపేశాను, మన పేర్లన్నిటి కిందా గీస్తుంటే చూడలేక.

పొద్దున్నే సందు చివర జిరాక్స్ కొట్టులో మూడు కాపీలు, స్పైరల్ బైండింగు. కొట్టు అన్న పేజీలు సర్దుతూ, "కే.వి. రావు సార్ రాసిన బుక్కా మా?" అన్నాడు. కాదన్నా, నేనే రాశానని గర్వంగా చెప్పాను.

ఇప్పుడు ఇంట్రాఆక్యులర్ ఇంగ్లిషు స్పెల్లింగు ఒకసారి మనసులో రాసుకోండి. నట్టనడుమ ఆర్, ఏ, ఓ వరసగా ఉంటాయి. రావుగారు మొదట్నుంచీ అందులోనే ఉన్నారు, నేనే చూడలేదు. మ్యాచ్ కేస్ అని చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టి ఉంటే పెద్ద ఆర్ ఉన్న రావుల్ని మాత్రమే పట్టుకునేది. నేను పెట్టలేదు.

సార్ పైకే చదివారు. "ఇంట్-కే.వి.రావ్-క్యులర్ ప్రెషర్ 24 ఉన్నవారికి చుక్కలు వేయగా ఆరు వారాల్లో తగ్గింది." తల ఎత్తి, "చుక్కలు వేస్తే రావు తగ్గాడన్నమాట. కంట్లో నలుసు పడితే ఊదుతాం. రావు పడితే ఏం చేస్తామమ్మా?" అన్నారు. పక్క టేబుల్ దగ్గరున్న సీనియర్లు దగ్గుతున్నట్టు నటించారు.

సాయంత్రం దాకా కూర్చుని దిద్దాను. ముందు కంటి లోపలి రావుల్ని తీశాను. తర్వాత ఆపరేషన్ మధ్యలో అని చెప్పే ఇంట్రాఆపరేటివ్‌లో దూరినవాళ్లని, కంటిని తిప్పే ఎక్స్‌ట్రాఆక్యులర్ కండరాల్ని పట్టుకుని వేలాడుతున్నవాళ్లని. అసలు రావులిద్దర్నీ ఎవరి చోట్లో వాళ్లని కూర్చోబెట్టాను. మళ్లీ మూడు కాపీలు. "మళ్లీ రావు సారా?" అన్నాడు కొట్టు అన్న. పలక్కుండా డబ్బులిచ్చి వచ్చేశాను.

మర్నాడు సార్ ఓపిగ్గా పేజీ పేజీ తిప్పారు. ఎక్కడా పెన్ను పెట్టలేదు. నా గుండె కుదుటపడింది. అన్నీ అయ్యాక వెనక్కి తిప్పి, ఎవరూ చదవని మొదటి పేజీ తీశారు. కృతజ్ఞతల పేజీ. నా మీద అసాధారణమైన ఓపిక చూపించినందుకు సార్‌కి అందులో ధన్యవాదాలు చెప్పుకున్నాను, ఎక్స్‌ట్రార్డినరీ అనే పెద్ద మాట వాడి మరీ.

సార్ ఆ మాట కింద వేలు పెట్టారు.

"ఇన్నాళ్లూ ఓపిక పట్టింది నేను గదమ్మా. ఇక్కడా ఆయన పేరేనా?"