టక్ మనేదాకా నొక్కండి

బొటనవేళ్ల మీద ఆ గీతలు ఇంకా పోలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నాను. రొయ్యల చెరువు మేత లెక్కల ఫైలు తెరిస్తే చాలు మా కంప్యూటర్ దీర్ఘాలోచనలో పడిపోతోంది. ఉన్నది 4 జీబీ ర్యామ్, ఇంకో 8 వేద్దామని భీమవరం వెళ్లాను. షాపులో కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "సిస్టం కొత్తదేనాండి?" అన్నాడు. "ఆయ్, కొత్తదే" అన్నాను. 2013లో కొన్నాం. మా ఇంట్లో ఫ్రిజ్‌తో పోలిస్తే అది కొత్తదే మరి. ఏ సంవత్సరం కొన్నారు, బోర్డేంటి అని ఇంకో మాట అడిగితే అతని నోట్లో ముత్యాలు రాలిపోతాయా? "టక్ మనేదాకా నొక్కండి, అంతే" అని కవర్లో పెట్టిచ్చేశాడు.

పక్క మూత తీశాను. దుమ్ము, రెండు బల్లిగుడ్లు. పాత ర్యామ్ ఊడదీసి బల్ల మీద పెట్టి, కొత్తది ఖాళీ స్లాటులో పెట్టి నొక్కాను. దిగలేదు. అటుదిటు తిప్పి నొక్కాను. ఊహూఁ. సరిగ్గా అప్పుడే మా బావ దిగాడు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం ఆయనది, గునపానికి కాయ దిగేసి మూడు తిప్పుల్లో డొక్క ఊడదీసే మనిషి, కాబట్టి లోకంలో ఏదైనా లొంగకపోతే అది మన బలం చాలకే అని ఆయన నమ్మకం. కుర్చీ లాక్కుని, కాఫీ అందుకుని, "ఏంటి బావా, చంటిపిల్లాడికి జోకొడుతున్నట్టు! భుజం వాడు భుజం!" అన్నాడు. భుజం వాడాను. తర్వాత లేచి నిలబడి ఒళ్లంతా వాడాను. అమ్మ సెల్లు లైటు పట్టుకుని "వద్దురా" అంటోంది, బోర్డు అప్పడంలా వంగుతోంది, బావ ఊదుకుంటూ కాఫీ తాగుతున్నాడు. అప్పుడు వచ్చిందండీ ఆ శబ్దం. టక్.

"చెప్పానా!" అన్నాడు బావ.

స్లాటు చివరున్న తెల్ల ప్లాస్టిక్ చెవి విరిగి వెళ్లి ఆయన కాఫీలో పడింది.

రాత్రి తీరిగ్గా చదివితే తెలిసింది. నా కంప్యూటర్‌కి పట్టేది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్, 240 పిన్నులు. అతనిచ్చింది డీడీఆర్4, 288 పిన్నులు. కింద గంటు కూడా వేరే చోట ఉంటుంది, ఒకదాంట్లో ఇంకోటి దిగకుండా కావాలనే అలా చేశారట. పాతదాన్ని పక్కన పెట్టి చూసుంటే అప్పుడే కనిపించేది, కానీ ఈలోగా దుమ్ముగా ఉందని అమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టేసింది.

అది ఆరాక మళ్లీ పెడితే ఒకటే కూతలు, రివర్సులో వస్తున్న లారీలాగా. చివరికి అమ్మాయి స్కూలు బాక్సులోంచి రబ్బరు తీసి ఆ బంగారు రంగు పళ్లు రుద్దితే ఆన్ అయింది. ఎప్పట్లాగే 4 జీబీ. స్ట్రాబెర్రీ వాసన ఒకటి అదనం.

పొద్దున్నే షాపుకి వెళ్తే "సీలు చింపేశారు కదండి" అన్నాడు, ఈసారి మాత్రం తల ఎత్తి.

8 జీబీ డీడీఆర్4, వాడనిది, గీతలు రెండే. ఎవరిదైనా కొత్త కంప్యూటర్ ఉంటే, అంటే నిజంగా కొత్తది, చెప్పండి.