సైన్యపు పొయ్యి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాతకాలపు చైనాలోని చీ రాజ్యపు సైన్యం గాడిపొయ్యి గారికి,

ఉభయకుశలోపరి. మీరు చల్లారి ఇరవైమూడు శతాబ్దాలు దాటింది కాబట్టి క్షేమం అడగడం మర్యాద కోసమే.

మీ మీద ఫిర్యాదు ఒక్కటే. మీ పని వండటం. సాక్ష్యం చెప్పమని మిమ్మల్ని ఎవరు పిలిచారండీ?

క్రీ.పూ. 342, కొందరి లెక్కలో 341. వెయ్ రాజ్యం హాన్ రాజ్యం మీద పడింది, హాన్ చీని సాయం అడిగింది. చీ సేనాపతి త్యాన్ జీ, మూతబండిలో కూర్చుని ఆయనకు ఎత్తులు చెప్పే సున్ బిన్ అసలు హాన్ వైపే పోలేదు. తిన్నగా వెయ్ రాజధాని దాలియాంగ్ దారి పట్టారు. సొంత కొంపకు నిప్పంటుకుంటే పక్కూరి గొడవలో ఎవడుంటాడు? వెయ్ సేనాని పాంగ్ జువాన్ హాన్‌ని వదిలి వెనక్కి పరుగెత్తాడు. పదేళ్లకు పైగా ముందు గ్వెయ్‌లింగ్ దగ్గర కూడా వెయ్ సేనను ఇలాగే వెనక్కి లాగి కొట్టారు. అయినా మళ్లీ వచ్చాడు.

సున్ బిన్ బండెందుకు ఎక్కాడంటారా? ఆయనా, పాంగ్ జువానూ కలిసి యుద్ధవిద్య చదువుకున్నవాళ్లే. తనకంటే దిట్ట అన్న కుళ్లుతో పాంగ్ జువాన్ నేరం మోపి అతని కాళ్లు నరికించాడు, ముఖాన పచ్చబొట్టు పొడిపించాడు. ‘బిన్’ అన్నది ఆ శిక్ష పేరే. తల్లిదండ్రులు పెట్టిన పేరు చరిత్రకు దక్కలేదు.

ఇక మీ ప్రతాపానికి వద్దాం. వెయ్ గడ్డ మీద దిగిన రోజు చీ సేన 1,00,000 పొయ్యిలు పెట్టింది. మర్నాడు 50,000. మూడోనాడు 30,000. పాంగ్ జువాన్ మకాం మకాంలో మిమ్మల్ని లెక్కపెట్టి పొంగిపోయాడు: చీ వాళ్లు పిరికివాళ్లని తెలుసు, మూడు రోజుల్లో సగానికి పైగా పారిపోయారు! మా దగ్గర పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ ఇంట్లో తినడానికి లేదని అర్థం. ఆయన ఆ ఇంట్లో మనుషులే లేరని చదువుకున్నాడు.

చీ వాళ్లు పిరికివాళ్లన్న మాట మీరు పుట్టించింది కాదులెండి, వెయ్ వాళ్ల నోళ్లలో ముందునుంచీ ఉన్నదే. సున్ బిన్ దానికి అంకెలు మాత్రం అతికించి ఇచ్చాడు.

పొయ్యిని నమ్మకూడదని ఎందుకంటున్నానంటే, పొయ్యి తవ్వకపోవడానికి ఖర్చు లేదు. పదిమంది రెండు పొయ్యిల దగ్గర కాకుండా ఒకదాని దగ్గరే వంతులవారీగా వండుకుంటే సరి, మనుషులు అంతే, గుంటలు సగం. వేగులవాడు చూడాల్సింది గుర్రపు లద్దె. దాన్ని ఒక్క రాత్రిలో తగ్గించమని ఏ సేనాపతి ఆజ్ఞాపించగలడు? బండిచక్రాల గాడి ఎంత లోతు దిగింది, పడుకున్నచోట గడ్డి ఎంతమేర నలిగింది, అదీ చూడాలి. సగం సైన్యం పారిపోతే దారి పొడుగునా పారేసిన డాళ్లు, ఈటెలు దొరకాలి కదా. పాంగ్ జువాన్ వాటి ఊసెత్తినట్టు ఎక్కడా లేదు.

ఆ తరవాతిది ఇంకా ఘోరం. కాల్బలాన్ని వెనక వదిలేసి, తేలిక సేనతో రెండు రోజుల నడక ఒక్క రోజులో నడిపించాడు. పాత యుద్ధనీతిలో దీనికి లెక్క ఉంది, సున్ బిన్ దాన్నే గుర్తుచేశాడు: లాభం కోసం వంద లీలు (సుమారు 40 కిలోమీటర్లు) ఉరికితే పెద్ద సేనాపతి పోతాడు, యాభై లీలు ఉరికితే సగం సైన్యమే చేరుతుంది.

చీకటిపడే వేళకు శత్రువు మాలింగ్ చేరతాడని సున్ బిన్ లెక్కగట్టాడు. ఇరుకు దారి, రెండు పక్కలా దాక్కునే చోట్లు. ఒక పెద్ద చెట్టు బెరడు ఒలిపించి, తెల్లటి చెక్క మీద ‘పాంగ్ జువాన్ ఈ చెట్టు కింద చస్తాడు’ అని రాయించాడు. దారికి అటూఇటూ 10,000 క్రాస్‌బోలు. ఆజ్ఞ ఒక్కటే: నిప్పు కనబడగానే అందరూ ఒకేసారి వదలాలి.

క్రాస్‌బోలే ఎందుకంటే, మామూలు విల్లు లాగిపట్టి చీకట్లో గంటసేపు కూర్చోలేరు, చేతులు వణుకుతాయి. క్రాస్‌బోలో అల్లెతాడును కంచు కొక్కెం పట్టుకుని ఉంటుంది. బాణం పెట్టుకుని హాయిగా కూర్చోవచ్చు, వేలితో మీట లాగితే చాలు. తిరిగి ఎక్కించడం మాత్రం ఆలస్యం, అందుకే మొదటి వరసే గురి తప్పకూడదు. దానికి గుర్తు కావాలి. ఆ గుర్తును శత్రువు చేతే వెలిగించడం సున్ బిన్ పొదుపు. రాసిందేమిటో చదువుదామని పాంగ్ జువాన్ దివిటీ పట్టించాడు. చదవడం పూర్తికాలేదు. బతికే దారి లేదని కత్తితో మెడ కోసుకున్నాడు. వెయ్ యువరాజు షెన్ బందీ అయ్యాడు.

మీ గొప్పలకు రెండు మచ్చలున్నాయి, దాచను. పొయ్యికి ఐదుగురి దళం అనుకున్నా లక్ష పొయ్యిలకు ఐదు లక్షల మంది! ఈ కథ రాసిన చరిత్రకారుడు సిమా చియాన్ యుద్ధానికి సుమారు రెండు శతాబ్దాల తరవాత పుట్టినవాడు, గుండు సున్నాలంటే ఆయనకూ మోజే. పైగా 1972లో షాన్‌డాంగ్‌లోని లిన్‌యీ దగ్గర సమాధుల్లో దొరికిన వెదురు పలకలు పాంగ్ జువాన్ గ్వెయ్‌లింగ్‌లోనే పట్టుబడ్డాడంటున్నాయి. మరి మాలింగ్ దాకా ఎలా వచ్చాడు? విడిచిపెట్టి ఉంటారని కొందరు సర్దుకుంటారు.

అయినా మీకు బుద్ధి రాలేదు. క్రీ.శ. 115లో హాన్ వంశపు (పైన చెప్పిన హాన్ రాజ్యం వేరు) అధికారి యూ షూ కొద్దిమందితో చ్యాంగ్ తెగల మధ్యనుంచి పోవాల్సి వచ్చింది. ఒక్కో సైనికుడు రెండేసి పొయ్యిలు పెట్టాలని, రోజురోజుకూ రెట్టింపు చేయాలని చెప్పాడు. సున్ బిన్ తగ్గించాడు, మీరు పెంచుతారేమని అడిగితే, ఆయన బలం దాచాడు, నేను లేని బలం చూపిస్తున్నానన్నాడు. సాయం వచ్చి కలుస్తోందనుకుని చ్యాంగ్ వాళ్లు దగ్గరికి రాలేదు. ఆ రోజుల్లో మీలో సగానికి సగం మీద గిన్నె కూడా పెట్టి ఉండరు.

ఇట్లు,
గుర్రపు లద్దె తరఫు వకీలు